రాహుకేతువుల ప్రత్యేక సంచిక

హలో, అందరికీ వినపడుతోందా అండీ? టీవీ సౌండు కాస్త తగ్గించండి. పొయ్యి మీద ఏదైనా ఉంటే దించేసి వచ్చి కూర్చోండి, నేనాగుతాను. ఇది సైన్సు కథ. చెప్పేవాడికి సైన్సు పెద్దగా రాదు, పదో తరగతి రెండుసార్లు రాసినవాణ్ని. అయినా చెబుతాను. మధ్యలో గొంతు పెరిగితే ఏమీ అనుకోవద్దు, ఆ కోపం మీ మీద కాదు.

విజయనగరం బస్సు కాంప్లెక్సులో మైకు ముందు కూర్చుని బస్సులు పిలిచే ఉద్యోగం బంగారునాయుడిది. "పార్వతీపురం వెళ్లు బస్సు అయిదవ ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా నున్నది" అని అతను ఒక్కసారి అంటే సోడా తాగుతున్నవాడు కూడా సీసా పారేసి పరిగెత్తేవాడు. అంత గొంతు. ఊళ్లో జనాన్నంతా వేళకు పంపించే ఆ మనిషికి ఇంట్లో మాత్రం ఒక దిగులుండేది. భార్య తాయారుకు నిద్ర పట్టదు. కడుపు ఆపరేషను అయిన దగ్గర్నుంచి అంతే. తాయారు అతని మేనమామ కూతురు, అంగన్‌వాడీ టీచరు. పగలంతా చిన్నపిల్లల్ని జోకొట్టి నిద్రపుచ్చే ఆవిడ రాత్రి పక్క మీద కళ్లు తెరుచుకుని పడుకునేది.

"కళ్లు మూస్తాను బావా, నిద్రే నన్ను పట్టించుకోదు" అనేది.

మందులు వాడారు, గసగసాల పాలు తాగారు, పక్క దిక్కు మార్చారు. ఏదీ పని చెయ్యలేదు.

కాంప్లెక్సులో పుస్తకాల స్టాలు నడిపే అప్పలకొండ ఒకరోజు నాయుడి దగ్గరికి ఒక లావుపాటి అట్టపెట్టె తెచ్చాడు. పెట్టె మీద 'గ్రహగతి' అని పత్రిక పేరు. వారం వారం ఒక సంచిక, ప్రతి సంచికతోనూ రెండు మూడు ఇత్తడి ముక్కలు వస్తాయి. అన్నీ బిగించుకుంటే బల్ల మీద తిరిగే సౌరకుటుంబం తయారవుతుంది. మొదటి సంచికతో సూర్యుడు ఉచితం.

"సూర్యుణ్ణే ఉచితంగా ఇచ్చీసేవోడు మిగతావాటికి ఎంత గుంజుతాడ్రా కొండా" అన్నాడు నాయుడు.

"గుంజనీ మావా. ఇది ఆడుకునే బొమ్మ కాదట, నిద్ర పట్టిస్తాదట. ఇదిగో, ఇక్కడ రాసున్నాది చదువు."

రాసి ఉన్న మాట నిజమే. సూర్యుడి లోపల కొత్తరకం లోహంతో చేసిన స్ప్రింగు ఉందట. నిద్ర పట్టని మనిషి ఆ సూర్యుణ్ణి వేడెక్కేదాకా అరచేతిలో పట్టుకోవాలి. ఆ తర్వాత యంత్రానికి తాళం తిప్పక్కర్లేదు, బ్యాటరీ వెయ్యక్కర్లేదు. ఆ మనిషి నాడితోనే తిరుగుతుంది. బదులుగా ఆ మనిషి ఒంటికి సూర్యుడి వేళలు నేర్పుతుంది.

ఆ సాయంత్రం తాయారు వరండాలో కూర్చుని నిమ్మకాయంత ఉన్న ఆ ఇత్తడి ఉండను పిడికిట్లో పట్టుకుంది. కాసేపటికి లోపల్నుంచి చప్పుడు మొదలైంది. నాయుడు ఒక చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని, రెండో చేయి ఆ ఉండ మీద వేశాడు. రెండూ ఒకే దెబ్బ కొడుతున్నాయి. తాయారు లేచి రెండు మెట్లు ఎక్కి దిగింది. నాడి వేగం పెరిగింది, ఉండ వేగమూ పెరిగింది.

"నా గుండెకాయ తీసి చేతిలో పెట్టినట్టున్నాది" అని నవ్విందావిడ. పెళ్లైన కొత్తలో నవ్విన నవ్వు అది.

వారం వారం ముక్కలు వచ్చాయి. బుధుడు వచ్చాడు, శుక్రుడు వచ్చాడు. డ్యూటీ దిగగానే నాయుడు కళ్లజోడు పెట్టుకుని పళ్లచక్రాలు బిగించుకుంటూ కూర్చునేవాడు. భూమిని తగిలించిన వారం తాయారు రాత్రి అన్నం తిని పక్క మీద వాలి, తెల్లవారి కాకులు అరిచేదాకా కదల్లేదు. చాలా ఏళ్ల తర్వాత పట్టిన నిద్ర. నాయుడు ఆవిడ లేచేదాకా గుమ్మంలో కాపలా కూర్చుని, పాలవాణ్ని కూడా గంట కొట్టొద్దని చేతులతో సైగ చేసి పంపించాడు.

అక్కడితో ఆగినా బాగుండేది.

యంత్రం పూర్తవుతున్నకొద్దీ చూడ్డానికి జనం వచ్చేవారు. వచ్చిన ప్రతివాళ్లూ అన్నీ చూసి, చివరికి ఒకటే అడిగేవారు. "రాహుకేతువులేవీ?" పక్కింటి ముసలాయనైతే, "నవగ్రహాల్లో రెండు ఎగ్గొట్టీసి కూడా పూర్తి సెట్టు అంటే ఎలాగ నాయుడూ, కంపెనీవోడు నిన్ను మోసం చేసేడు" అన్నాడు. తాయారు శనివారం శనివారం ఆ సూర్యుడికి కుంకుమబొట్టు పెట్టేది కూడా. ఆవిడకు మేలు చేసిన దేవుడు అవయవాలు లేకుండా ఉన్నట్టు నాయుడికి మనసులో పీకింది. పెట్టె మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. అతనొక్కడే కాదు, శ్రీకాకుళం నుంచి రాజమండ్రి దాకా చాలామంది అదే అడిగారు.

కొన్నాళ్లకు వచ్చింది. 'పాఠకుల కోరిక మేరకు రాహుకేతువుల ప్రత్యేక సంచిక.' నల్లటి బిళ్లలు రెండు, వాటిని మోసే ఇత్తడి వలయం ఒకటి. రాహుకేతువులు నిజానికి గ్రహాలు కావని, చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఒకదాన్నొకటి దాటే చోట్లని, ఆ చోట్లు వెనక్కి జరుగుతూ ఉంటాయని లోపల రాశారు. అందుకని ఈ వలయం మిగతావాటికి అడ్డంగా, వెనక్కి తిరుగుతుంది. దాని పళ్లు నేరుగా సూర్యుడి చక్రంలో పడతాయి.

నాయుడు బిగించాడు. నల్ల బిళ్లలు వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. వీధంతా వచ్చి చూసి, "ఇప్పుడు నిండుగా ఉన్నాది" అంది.

తాయారు కాకుల కంటే ముందే లేవడం మొదలుపెట్టింది. బ్రాహ్మీ ముహూర్తమని నాయుడు మురిసిపోయాడు. ఆ వారం గడిచేసరికి ఇంకా ముందు లేచింది. ఇంకొన్నాళ్లకు ఆవిడ తెల్లవారడం అర్ధరాత్రికి జరిగింది. ఆ తర్వాత ముందురోజు సాయంత్రానికి. ఎంత ముందు లేస్తే అంత ముందు నిద్ర ముంచుకొచ్చేది. లేపితే లేచేది కాదు. నిలబెడితే నిలబడే నిద్రపోయేది. రోజూ కొంచెం కొంచెంగా ఆవిడ రోజు వెనక్కి జారిపోయింది.

నాయుడు డ్యూటీకి బయలుదేరేవేళ ఆవిడకు నడిరాత్రి. అతను అలిసిపోయి వచ్చి పడుకునేవేళ ఆవిడ పళ్లు తోముకుని, "కాఫీ పెట్టనా బావా" అనేది. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు ఎదురుపడే వేళే లేకుండా పోయింది. నెలకోసారి రెండు మూడు రోజులు ఆవిడ పగలు వచ్చి మన పగలుతో కలిసేది. అప్పుడు గబగబా చెప్పుకోవలసినవన్నీ చెప్పుకునేవారు. గ్యాసు అయిపోయిందనీ, మేనల్లుడి పెళ్లి కుదిరిందనీ. మళ్లీ ఆవిడ వెనక్కి వెళ్లిపోయేది.

ఒక మధ్యాహ్నం అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పెడుతూ పెడుతూ తాయారు గోడకు ఆనుకుని నిద్రపోయింది. తలుపు తీసే ఉంది. మూడేళ్ల పిల్లొకతి గుడ్డు చేత్తో పట్టుకుని లారీలు తిరిగే రోడ్డు మీదికి నడిచింది. ఆటో ఆపుకుని ఒకాయన ఎత్తుకొచ్చాడు గనక సరిపోయింది. తాయారును ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడే తాళాలు ఆయమ్మ చేతిలో పెట్టేసి ఇంటికి వచ్చేసింది.

"మరి వెళ్లను బావా. ఆ పిల్లకేటైనా అయితే నాను బతికేదాన్నా?"

నాయుడు పెరట్లోకి వెళ్లి సుత్తి తెచ్చాడు. బల్ల మీద యంత్రం నిమ్మళంగా తిరుగుతోంది. సుత్తి ఎత్తాడు కూడా. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. అప్పలకొండ.

"మావా, యంత్రం ముట్టుకోకు. సాలూరులో ఒకాయన కోపం పట్టలేక కొట్టీసేడట. లోపల గదిలో పడుకున్న వాళ్లమ్మ మరి లేవలేదు."

నాయుడు సుత్తి నేల మీద పెట్టి, అక్కడే చతికిలబడ్డాడు.

డాక్టరు విషయం విడమరిచి చెప్పాడు. ఎవరి ఒంట్లోనైనా సొంత గడియారం ఒకటి ఉంటుందట. తాయారు ఒంట్లోది తన పని మానేసి మొత్తం ఆ యంత్రానికి అప్పగించేసింది. యంత్రం ఆగినా, ఆ వలయాన్ని ఒక్కసారిగా పీకేసినా ఊపిరికి కూడా వేళ తెలియకపోవచ్చు. "విడదీయాలంటే మెల్లగా, యంత్రం ద్వారానే విడదీయాలి. ఎలాగో చేసినవాళ్లకే తెలియాలి" అన్నాడు.

చేసినవాళ్లకు ఫోన్ చేశాడు నాయుడు.

"గ్రహగతికి స్వాగతం. మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంది ఆ అమ్మాయి.

"నా భార్యకి పగలు రాత్రయిపోనాదమ్మా."

"సారీ సర్. ఏ సంచికలోని భాగంతో సమస్య సర్?"

"భాగంతో కాదమ్మా. మనిషితో."

"మనిషి మా ఉత్పత్తుల జాబితాలో లేదు సర్. సంచిక సంఖ్య చెప్పగలరా?"

ఆ మాటకు అంత గొంతున్న బంగారునాయుడు అరవలేదు. ఫోన్ పెట్టేసి అప్పలకొండ దగ్గరికి వెళ్లాడు. ఏ ఇంటికి ఏ సంచిక వెళ్లిందో పుస్తకాల షాపులవాళ్లకు తెలుసు. కొండ ఒక స్టాలుకు చెప్పాడు, ఆ స్టాలువాడు ఇంకో ఊరి స్టాలుకు చెప్పాడు. ప్రత్యేక సంచిక వెళ్లిన ప్రతి ఇంటికీ మాట అందింది. వైజాగులో కంపెనీ ఆఫీసు ఉంది, ఫలానా రోజు పొద్దున్నే అక్కడికి రమ్మని. యంత్రంతో రమ్మని. మనిషితో రమ్మని.

ఆ రోజు తాయారుకు తెల్లవారుజామున సాయంత్రమైంది. ఇంకాసేపట్లో నిద్ర వస్తుంది. అద్దె కారులో వెనకసీట్లో యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గతుకులు వచ్చినప్పుడల్లా నాయుడు ముందుసీటులోంచి వెనక్కి తిరిగి రెండు చేతులూ అడ్డం పెట్టేవాడు.

"నన్ను కాదు, దాన్ని పట్టుకుంటన్నావు" అందావిడ.

"రెండూ ఒకటే కదే ఇప్పుడు" అన్నాడు.

ఆఫీసు సముద్రానికి ఎదురుగా అద్దాల మేడలో ఉంది. ఇద్దర్నీ, ముందే వచ్చి ఉన్న అప్పలకొండనీ లోపల గదిలోకి పంపించారు. విభాకర్ అని మేనేజరు, మర్యాదస్తుడు, ముందే నీళ్లసీసాలు పెట్టించాడు. అప్పలకొండ తన స్టాలులో అమ్ముడుపోక మిగిలిన మొదటి సంచిక పెట్టెతో తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మీ బాధ అర్థమైంది సర్. కానీ ఒక్క విషయం. మేము అమ్మింది భాగాలు. విడివిడిగా ప్రతి భాగానికీ పరీక్ష చేయించాం, అనుమతి తీసుకున్నాం. చక్రం చక్రమే, బిళ్ల బిళ్లే. వాటిని కలిపి యంత్రం తయారుచేసింది మీరు. ప్రతి సంచిక చివరి పేజీలోనూ రాసే ఉంది."

"అంటే తయారుచేసినోణ్ని నేనా?" అన్నాడు నాయుడు.

"చట్టం లెక్కన."

"మా ఆవిణ్ని నేనే పాడుచేసుకున్నానా?"

"నేనలా అనలేదు. పైగా రాహుకేతువులు మా పథకంలో లేవు. పాఠకులే అడిగారు. మీరూ అడిగారు సర్." విభాకర్ కంప్యూటరు తనవైపు తిప్పుకుని ఏదో నొక్కాడు. గదిలో బంగారునాయుడి గొంతు వినిపించింది. బస్సులు పిలిచే గుండ్రటి గొంతు. అమ్మా నమస్కారం, విజయనగరం నుంచి మాట్లాడతన్నాను, ఆ రెండు గ్రహాలు లేకపోతే సెట్టు బోసిగా ఉన్నాదమ్మా, ఎలాగైనా వేయించండి.

తాయారు మొగుడి వైపు తిరిగింది. ఈ సంగతి ఆవిడకు తెలియదు.

"నువ్వా బావా?"

"నేనే" అన్నాడు. తల ఎత్తలేకపోయాడు.

తాయారు తన ఒళ్లోని యంత్రాన్ని చూసింది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది.

"మా బావ అడిగేడు, బాబూ. అడిగితే ఇచ్చీడమేనా? అంగన్‌వాడీలో పిల్లలు రోజూ నన్నేటో ఒకటి అడుగుతారు. అగ్గిపెట్టి అడిగితే ఇచ్చీసేనా నేను? ఆళ్లకి తెలీదు, నాకు తెలుసు, అందుకే కదా నన్ను టీచరన్నారు. మా బావకి బస్సులు తెలుసు. ఆ లోహం సంగతి నీకు కదా తెలియాలి. వెనక్కి తిప్పితే ఏటవుతాదో ఒక్క మనిషి మీదైనా చూసేరా ముందు?"

విభాకర్ నీళ్లసీసా మూత తీసి మళ్లీ పెట్టాడు. "ఇది ప్రాథమికంగా అలంకార వస్తువు మేడమ్. మనుషులకు హాని చేసే..."

నాయుడు అప్పలకొండ చేతిలో పెట్టె అందుకుని, సీలు చింపి, కొత్త సూర్యుణ్ణి తీసి బల్ల మీద పెట్టాడు. "అలంకారమే కదా. ఒక్కసారి అరచేతిలో పట్టుకోండి. వేడెక్కేదాకా."

విభాకర్ చేతులు బల్ల కిందికి వెళ్లిపోయాయి. రెండూ. ఆయనకు తెలియకుండానే.

"మా కంపెనీ నియమాల ప్రకారం సిబ్బంది..." అని ఏదో మొదలుపెట్టాడు. ఎవరూ వినలేదు. అప్పలకొండ ఫోన్‌లో అదంతా రికార్డవుతోందని చూసి ఆయన ఆగిపోయాడు. గొంతు తగ్గించి, విరుగుడు ఉందన్నాడు. కొత్త చక్రాలున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతే వలయం నెమ్మదించి, ఆగి, ఆ మనిషి రోజు ముందుకు వచ్చి సూర్యుడితో కలుస్తుంది. అప్పుడు సూర్యుణ్ణి కూడా విడదీయొచ్చు.

"ఇవ్వండి" అన్నాడు నాయుడు.

"వచ్చే ఏడాది మొదట్లో విడుదలవుతాయి సర్. వారం వారం సంచికలుగా. ప్రత్యేక సంచిక కొన్నవారికి రాయితీ కూడా ఉంటుంది."

నాయుడు లేచాడు. ఆ క్షణంలో ఏం చేసేవాడో అతనికే తెలియదు. తాయారు అతని చొక్కా పట్టుకుంది. ఆవిడ కళ్లు మూతలు పడుతున్నాయి.

"బావా, నాకు రాత్రయిపోతన్నాది. ఇంటికి తీసుకెళ్లకు. ఇక్కడే పడుకుంటాను."

కింద రిసెప్షన్‌లో మెత్తటి సోఫాలున్నాయి. పొద్దుటి ఎండ అద్దాల్లోంచి నేల మీద పడుతోంది. తాయారు చెప్పులు విప్పి, సోఫా మీద పక్కకు తిరిగి పడుకుని, కొంగు కప్పుకుంది. నాయుడు యంత్రాన్ని ఆవిడ తల దగ్గర పెట్టాడు. అప్పటికే గేటు దగ్గర ఆటోలు, కార్లు ఆగుతున్నాయి. పలాస నుంచి ఒక లెక్చరరు, తుని నుంచి ఒక బాలింత, ఇంకా చాలామంది. ఇంటివాళ్లు యంత్రాలు మోసుకొస్తున్నారు. సెక్యూరిటీవాళ్లు చేతులు అడ్డం పెట్టారు.

బంగారునాయుడు గొంతు సవరించుకున్నాడు. మైకు లేదు. అక్కర్లేదు కూడా.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పలాస నుంచి వచ్చినవారు ఎడమవైపు గోడ పక్కన పడుకోవలెను. తునివారు లిఫ్టు ముందు. ఎవరి యంత్రము వారి తల దగ్గరే ఉంచుకోవలెను. సెక్యూరిటీ సోదరులకు మనవి. మీరు తోస్తే ఏ యంత్రము కింద పడినా, ఆ మనిషి ప్రాణము కూడా పోవును."

మేడ మీద ఉద్యోగులు కూడా కిటికీల్లోకి వచ్చి చూశారు. సెక్యూరిటీవాళ్లు చేతులు దించేశారు.

ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. బ్యానర్లు లేవు. చాపలు పరిచారు, పడుకున్నారు. పట్టపగలు ఆ పాలరాతి నేల మీద అంతమంది నిద్రపోతుంటే, ఒక్కో తల దగ్గర ఒక్కో సూర్యుడు ఒక్కో నాడి కొడుతుంటే, ఆఫీసులో ఫోను ఎత్తడానికి కూడా భయపడ్డారు. మెలకువగా ఉన్నవాళ్లు, ఇంకా నిద్రవేళ కానివాళ్లు, గోడకు ఆనుకుని ఊరికే మేనేజరు గది వైపు చూస్తూ కూర్చున్నారు.

పొద్దు వాలకముందే విభాకర్ లిఫ్టులో కిందికి దిగాడు. వెనక ఇద్దరు మనుషులు అట్టపెట్టెలు మోసుకొచ్చారు. వచ్చే ఏడాది వారం వారం రావలసిన చక్రాలన్నీ, ప్రతి యంత్రానికీ సరిపడా, అక్కడే, పై అంతస్తులోనే ఉన్నాయి.

నాయుడు ఒక పెట్టె అందుకున్నాడు. పైన రంగుల అట్ట. ఒక ఆడమనిషి ఒళ్లు విరుచుకుంటున్న బొమ్మ. 'మీ నిద్ర దారి తప్పిందా? మళ్లీ సూర్యుడి వైపు!' అని అక్షరాలు. అట్ట మీద దుమ్ము. వేలితో తుడిచి కింద ముద్రించిన నెల చూశాడు. రాహుకేతువుల ప్రత్యేక సంచిక వచ్చిన నెలే. రోగాన్నీ మందునీ ఒకే నెలలో అచ్చు వేయించారు.

అక్కడ నిలబడ్డవాళ్లందరికీ ఆ పెట్టె తిప్పి చూపించాడు. ఎవరి చేతికి అందిన పెట్టె వాళ్లూ తిప్పి చూసుకున్నారు. లెక్చరరు భార్య విభాకర్ మొహం మీదికి చెప్పు విసిరింది. అది తగలకుండా గోడకు కొట్టుకుని పడింది. ఎవరూ ఆవిణ్ని తప్పు పట్టలేదు.

నాయుడు మాత్రం సోఫా పక్కన నేల మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నాడు. పాత చక్రం తీసి కొత్తది వేసే ఆ రెప్పపాటులో యంత్రం తడబడింది. తాయారు ఊపిరి కూడా తడబడి ఆగింది. అతను ఆవిడ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, తన ఊపిరి తనే మర్చిపోయి కూర్చున్నాడు. చక్రం పళ్లలో పడింది. వెచ్చటి గాలి అతని వేళ్లకు తగిలింది.

నల్ల బిళ్లలు ఇంకా వెనక్కే నడుస్తున్నాయి. కాకపోతే కొంచెం మెల్లగా.

అదండీ కథ. తాయారు రోజు ఇంకా పూర్తిగా రాలేదు, వస్తోంది. కోర్టులో కేసు మాత్రం వాయిదాల మీద నడుస్తోంది. మీకు తెలిసినవాళ్లలో ఇలా వారం వారం ముక్కలు కొని ఇంట్లో ఏదో ఒకటి బిగించుకుంటున్నవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. కథే కదా అని ఊరుకోకుండా వాళ్లకోసారి పంపించండి. మీ గ్రూపుల్లోనూ పెట్టండి. నా పేరు తీసేసినా పర్వాలేదు, తాయారు అడిగిన ప్రశ్న మాత్రం తీసెయ్యకండి.